లింక్డ్ సర్వర్‌లో ఆర్‌పీసీ అవుట్ ఆన్ చేయాలా, వద్దా?

గంటస్తంభం (విజయనగరం): హెడ్డాఫీసు శ్రీకాకుళంలో, మా బ్రాంచి ఇక్కడ. రెండు చోట్లా డేటాబేస్ ఎస్‌క్యూఎల్ సర్వరే. రోజు లెక్క ముగించే స్టోర్డ్ ప్రొసీజర్ (డేటాబేస్‌లోనే రాసిపెట్టిన ప్రోగ్రాం) శ్రీకాకుళం సర్వర్‌లో ఉంది. ఇక్కడి నుంచి రన్ చేస్తే సర్వర్ ఆర్‌పీసీకి (ఇంకో సర్వర్‌లోని ప్రొసీజర్‌ని ఇక్కడి నుంచి రన్ చేయడానికి) కాన్ఫిగర్ కాలేదని 7411 ఎర్రర్. మా వైపు లింక్డ్ సర్వర్‌కి (శ్రీకాకుళం సర్వర్‌కి ఇక్కడ పెట్టుకున్న కనెక్షన్) ఆర్‌పీసీ అవుట్ సెట్టింగు ట్రూ చేస్తే పోతుంది, ఎస్‌పీ_సర్వర్‌ఆప్షన్ కమాండ్‌తో ఒక్క లైను. డేటాబేస్ చూసుకునే డీబీఏ గారు ఒప్పుకోవడం లేదు. ఎందుకు?

నాగావళి (శ్రీకాకుళం): ఒప్పుకోకపోవడమే మంచిది. నేను ఇంతకుముందు పనిచేసిన చోట ఇలాగే ఒక్క లైనే కదా అని ఆన్ చేయించారు, పైగా లింక్డ్ సర్వర్‌లో అందరి లాగిన్లూ ఎస్‌ఏకి (అన్ని హక్కులూ ఉన్న లాగిన్) మ్యాప్ చేసేశారు. బ్రాంచిలో ఒక కుర్రాడు టెస్ట్ అనుకుని రన్ చేస్తే అసలు డేటాబేస్‌లో ధాన్యం కొనుగోలు ఎంట్రీలు పోయాయి. వద్దని మొత్తుకున్నది నేను, మెమో వచ్చిందీ నాకే.

వంశధార: ముందు రిమోట్ యాక్సెస్ సెట్టింగు 1 (ఆన్) ఉందా చూడండి. మార్చాక సర్వీస్ రీస్టార్ట్ చేయాలి.

గంటస్తంభం: అది పాత రిమోట్ సర్వర్ల కోసం అండీ, లింక్డ్ సర్వర్‌కి కాదు.

వంశధార: మాకు రీస్టార్ట్ చేశాకే పనిచేసింది.

తోటపాలెం: ప్రొసీజర్ ఇచ్చే ఫలితాన్ని మీ టేబుల్‌లోకి ఇన్సర్ట్ చేస్తున్నారా? అయితే ఎంఎస్‌డీటీసీ (రెండు సర్వర్ల మీద ఒకే లావాదేవీ నడిపే సర్వీస్) గొడవ కూడా ఉంటుంది. ఫైర్‌వాల్‌లో ఎస్‌క్యూఎల్ సర్వర్ పోర్టు 1433 ఒక్కటే తెరిస్తే చాలదు.

గంటస్తంభం: లేదండీ, రన్ చేయడమే. నాగావళి అన్నా, మీరు చెప్పిన తప్పు ఎస్‌ఏ మ్యాపింగ్‌ది, ఆర్‌పీసీ అవుట్‌ది కాదు. రెండూ కలిపేస్తే ఎలా?

నాగావళి: చదువుకున్నది చెప్తున్నావు తమ్ముడూ, నేను పడ్డది చెప్తున్నాను.

గంటస్తంభం: నేను పడ్డది కూడా వినండి. సిరిమానోత్సవం రోజు ఊరంతా జాతరలో ఉంటే నేను ఆఫీసులో కూర్చుని, అక్కడ ఎవరైనా ఆ ప్రొసీజర్ రన్ చేస్తారేమోనని రాత్రి పది దాకా ఫోన్లు చేశాను. ఎవరూ ఎత్తలేదు. పొద్దున్న లెక్క ముగియలేదని మాట పడ్డది నేను. బ్రాంచి వాళ్ల మీద నమ్మకం లేదని సూటిగా చెప్పేయండి, సెట్టింగు మీద పెట్టకండి.

నాగావళి: సరే, లేదు. పాడైతే బ్రాంచిని ఎవరూ అడగరు, డీబీఏనే అడుగుతారు. నా భయమంతా అదే. ఆ ఒక్క ప్రొసీజర్‌కి మాత్రమే ఎగ్జిక్యూట్ పర్మిషన్ ఉన్న లాగిన్ విడిగా పెట్టి, మీ లాగిన్‌ని దానికే మ్యాప్ చేసి, మిగతా వాళ్లెవరికీ కనెక్షన్ లేకుండా చేస్తే ఆర్‌పీసీ అవుట్ ఆన్ చేయడానికి నాకూ అభ్యంతరం లేదు. కానీ ఎవరు రన్ చేస్తే వాళ్లదే బాధ్యత అని కాగితం మీద ఉండాలి.

గంటస్తంభం: ఇప్పుడే రాసి సంతకం పెట్టి పంపిస్తాను.

నాగావళి: నీ సంతకం చాలదు తమ్ముడూ. మీ మేనేజర్‌ని పెట్టమను.