నగల పెట్టె మూత అతుకులు విచ్చుకుంటున్నాయి, ఎందువల్ల?

ప్రశ్న:
తీరిక వేళల్లో టేకు కర్రతో నగల పెట్టెలు చేస్తుంటాను. మూత పలకను చట్రానికి నాలుగు వైపులా జిగురుతో బిగిస్తే, గాలిలో తేమ పెరిగిన రోజుల్లో మూలలు విచ్చుకుంటున్నాయి. 45 డిగ్రీల కోతలు సరిగానే ఉన్నాయి. లోపం ఎక్కడుందంటారు?

జవాబు 1:
లోపం మీ కోతలో లేదండి, పలకను కదలనీయకుండా బిగించడంలో ఉంది. తేమకు కర్ర పొడవునా దాదాపు మారదు కాని, రేఖలకు, అంటే కర్రలో పొడవునా కనిపించే నార గీతలకు, అడ్డంగా ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోతుంది. ఆ కదలికకు చోటు లేనప్పుడు అతుకే విడిపోతుంది. చట్రం లోపలి అంచున గాడి తీసి, పలకను జిగురు లేకుండా అందులో కూర్చి, అడ్డం వైపున కాస్త ఖాళీ వదలండి.

జవాబు 2:
పై మాట నిజం. అయితే ఏటవాలుగా కోసిన కర్ర కొనలు జిగురును పీల్చేసుకుంటాయి కనుక, మూలలకు అడ్డంగా గాడి కోసి పలుచని కర్ర రేకులను అతికించడం కూడా అవసరం. పెట్టెను మొత్తం మూసి అతికించి, ఆ తరువాత రంపంతో మూతను వేరు చేస్తే పక్కలకూ మూతకూ రేఖలు చక్కగా కలుస్తాయి. ఈ పనిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం అదే.

జవాబు 3:
లోపల ఉన్ని గుడ్డ మాత్రం పరచకండి. ఉన్నిలోని గంధకం వల్ల వెండి నల్లబడుతుంది.