ఇర్రెగ్యులర్ వెర్బులంటే సూత్రం లేనివనేనా?

ప్రశ్న: ఇంగ్లీషులో రెగ్యులర్ వెర్బులకు భూతకాలంలో చివర ‘డ్’ చేరిస్తే సరిపోతుంది. ఇర్రెగ్యులర్ వెర్బులను మాత్రం పట్టిక చూసి కంఠస్థం చేయడం తప్ప వేరే మార్గం లేదా?

సమాధానం: ఉన్నదండీ. వాటికీ సూత్రాలున్నాయి, కాకపోతే అవి కొత్తగా పుట్టే క్రియలకు సాధారణంగా వర్తించని పాత సూత్రాలు. ఇంగ్లీషు, జర్మన్ వంటి జర్మానిక్ భాషల్లో భూతకాలాన్ని తెలిపే పద్ధతులు ప్రధానంగా రెండు: ధాతువు లోపలి అచ్చును మార్చడం, చివర ‘డ్’ లేదా ‘ట్’ చేర్చడం. జర్మన్ భాషాశాస్త్రవేత్త యాకబ్ గ్రిమ్ మొదటి రకాన్ని బలమైన క్రియలనీ, రెండవ రకాన్ని బలహీన క్రియలనీ అన్నాడు. డ్రింక్–డ్రాంక్–డ్రంక్, బిగిన్–బిగ్యాన్–బిగన్ మొదటి రకానివి.

అయితే ఇర్రెగ్యులర్ పట్టికలో ఉన్నవన్నీ ఆ రకానివే అనుకోకూడదు. కీప్–కెప్ట్, మీట్–మెట్, లీడ్–లెడ్ ఆది నుంచీ ప్రత్యయం చేర్చుకున్నవే. ప్రత్యయం చేరడంతో రెండు హల్లులు పక్కపక్కన వచ్చి, వాటి ముందున్న దీర్ఘాచ్చు హ్రస్వమైంది. ఆ తరువాత, సుమారు 15వ శతాబ్దం నుంచి, ఇంగ్లీషు దీర్ఘాచ్చుల ఉచ్చారణే మారిపోవడంతో ‘కీప్’లో అంతకుముందు ఏకారంగా పలికినది ఈకారమైంది, అప్పటికే హ్రస్వమైన ‘కెప్ట్’ మాత్రం ఆ మార్పుకు లోనుకాలేదు. సెట్, షట్ వంటివాటిలో ప్రత్యయం ధాతువు చివరి ‘ట్’లోనే కలిసిపోయింది. మన వ్యాకరణ దృష్టితో చూస్తే ఇదంతా సంధికార్యం వంటిదే. దీన్ని అక్రమమనడం నాకు న్యాయంగా తోచదు.

‘గో’కు ‘వెంట్’ రావడం వేరే సంగతి. అది ‘వెండ్’ అనే మరో క్రియ నుంచి వచ్చి చేరిన భూతరూపం.

ఈ పాత రూపాలు ఇంకా ఎందుకు నిలిచాయంటే, ముఖ్య కారణం వాడుక. ప్రాచీన ఇంగ్లీషులోని 177 ఇర్రెగ్యులర్ క్రియలను పరిశీలించి 2007లో ‘నేచర్’ పత్రికలో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, నేటికీ అలాగే ఉన్నవి 98. తరచుగా వాడేవి నిలిచాయి, అరుదుగా వాడేవి ఎక్కువగా రెగ్యులర్ అయ్యాయి. తెలుగులోనూ వచ్చాడు–రాడు, తెచ్చాడు–తేడు వంటి జంటలు నిత్యవ్యవహారంలోని క్రియలకే ఉండడం గమనించండి. మార్పు ఎప్పుడూ ఒకే దిశలో సాగదు కూడా: 1611 నాటి ఇంగ్లీషు బైబిలులో ‘హెల్ప్’కు ‘హోల్పెన్’ అనే పాత రూపం కనిపిస్తుంది, అదే గ్రంథంలో ‘డిగ్’కు రెగ్యులర్ రూపమైన ‘డిగ్డ్’ ఉంది; నేడు ఈ రెండూ తారుమారై ‘హెల్ప్డ్’, ‘డగ్’ స్థిరపడ్డాయి.

కాబట్టి అకారాది పట్టిక ఇచ్చి వల్లె వేయించడం కన్నా కుటుంబాలుగా నేర్పడం మేలని నా దృఢమైన అభిప్రాయం. కీప్, స్లీప్, స్వీప్, వీప్ ఒకచోట ఉండాలి. బ్రింగ్ చూపునకు డ్రింక్ పక్కన చేర్చదగినట్లున్నా, దాని స్థానం థింక్–థాట్, బై–బాట్ సరసన. బీ, గో అనే రెండింటిని మాత్రం విడిగా కంఠస్థం చేయించక తప్పదు.