జీను పట్టీలు ఎప్పుడు మార్చాలి?

ప్రశ్న: సెకండ్ హ్యాండ్‌లో కాన్పూర్ జీను కొన్నామండీ, పాప దాని మీదే గుర్రపు స్వారీ నేర్చుకుంటోంది. తోలు మెరుస్తూనే ఉంది కానీ పట్టీల మీద సన్నటి గీతలు పడ్డాయి, నూనె రాస్తే సరిపోతుందా, మార్చేయాలా? టెన్షన్‌గా ఉంది.

జవాబు: నూనెతో పోయేవి కావండీ. పట్టీని రంధ్రాల దగ్గర వంచి చూడండి, పగులు లోపలి దాకా తెరుచుకున్నా, కుట్టు దారం గోరుతో గీరితే తెగినా వెంటనే మార్పించండి. జీను మొత్తం అక్కర్లేదు, పట్టీలే కొత్తవి కుట్టిస్తారు.

జవాబు: రికాబు (ఎక్కేటప్పుడు పాదం పెట్టే వలయం) వేలాడే పట్టీలు రెండూ పక్కపక్కన పెట్టి కొలవండి. ఎడమ వైపు నుంచే ఎక్కుతాం కాబట్టి అదే ముందు సాగుతుంది, అప్పుడప్పుడూ అటూ ఇటూ మార్చండి.

జవాబు: అన్నిటికన్నా ముందు హెల్మెట్! ఒక్కసారి గట్టి దెబ్బ తగిలిందంటే పైకి ఏమీ కనబడకపోయినా లోపలి ఫోమ్ నలిగిపోయి ఉండొచ్చు, ఇక వాడకూడదు. సెకండ్ హ్యాండ్‌ది మాత్రం దయచేసి కొనకండి.