సమస్యాపూరణం: “పంట పోయినపుడె పండుగాయె”

నిర్వాహకుడు (విజయనగరం):
అందరికీ వందనాలు. వరి కోతలు అయిపోవస్తున్నాయి. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లోని చర్చిల్లో కోతకాల పండుగలు మొదలవుతాయి. గుమ్మడికాయలు, అరటి గెలలు, కోళ్ళు, కొబ్బరికాయలు, వరి మోపులు బల్ల ముందు పేర్చి, ఆరాధన అయ్యాక వేలం పాడే రోజులివి. అందుకని ఈ వారం సమస్య క్రైస్తవ కృతజ్ఞత మీదే ఇస్తున్నాను.

పంట పోయినపుడె పండుగాయె

ఇది ఆటవెలది నాలుగో పాదం, పై మూడు పాదాలూ మీరు రాయాలి. అయిదూ సూర్యగణాలు, యతి “పం–పం”. చివరి మాటను “పండు”, “కాయె” అని విరిచి తప్పుకునే దారి ఒకటి ఉంది. ఈసారి ఆ దారి వద్దు. పంట పోవడమూ ఉండాలి, పండుగా ఉండాలి. ఆ రెండూ ఒకే ఇంట్లో ఎలా ఇముడుతాయో చెప్పండి. పద్యం ఛందస్సులో నిలిస్తే సరిపోదు, వాక్యంలో కూడా నిలవాలి.

నాగావళి (ఆమదాలవలస):
నా పూరణ.

కోత కోసి మొదటి కుప్పను తలకెత్తి
కానుకగను తెచ్చెఁ గౌలు రైతు
ఇంటి గాదె కన్న యేసు సన్నిధి మిన్న
పంట పోయినపుడె పండుగాయె

పంట పోయింది అంటే నష్టపోయిందని కాదు, ఇల్లు దాటి దేవుని సన్నిధికి పోయింది అని.

బొబ్బిలి వీణ:
అన్నయ్యా, విరుపు లేకుండా “పోయిన” అన్న మాటకే దారి మార్చారు, బాగుంది. కాని కుప్పను ఎవరు తలకెత్తుకోగలరు? కుప్ప కళ్ళంలో ఉంటుంది, తల మీదికి వచ్చేది మోపు. యతి కోసం కుప్ప వేశారని తెలిసిపోతోంది. ఇలా మారిస్తే?

మొదట కోసినట్టి మోపును తలకెత్తి

“మొ–మో” యతి కుదిరింది, మోపూ కుదిరింది.

నిర్వాహకుడు:
సవరణ బంగారం. అలాగే ఉంచుదాం. రెండో పాదం చివర “రైతు”, మూడో పాదం మొదట “ఇంటి” మధ్య విసంధి (సంధి చేయకుండా వదిలేయడం) ఉంది, ఈ వేదికలో దాన్ని పట్టించుకోవడం లేదు.

భావం గురించి ఒక మాట. బైబిల్లో ద్వితీయోపదేశకాండం 26వ అధ్యాయంలో ప్రథమఫలాల గంప తెచ్చినవాడు గంప పెట్టేసి వెళ్ళిపోడు. యాజకుడి ముందు నిలబడి తన కథ చెప్పాలి: మా పితరుడు నశించిపోతున్న అరామీయుడు, ఐగుప్తులో (ఈజిప్టులో) మేము దాసులం, దేవుడు మమ్మల్ని విడిపించి ఈ నేల ఇచ్చాడు, ఇదిగో ఆ నేల ఫలం. ఆ తర్వాత దేవాలయ సేవ చేసే లేవీయుడితో, ఊళ్ళో ఉన్న పరదేశితో కలిసి సంతోషించాలి. కథ, కానుక, పంక్తి, ఈ మూడూ కలిస్తేనే అక్కడ కృతజ్ఞత. మీ కౌలు రైతు కానుక తెచ్చాడు. వాడి కథా, వాడి పక్కన కూర్చున్న పరదేశీ పద్యంలోకి రాలేదు. పైగా పంట బాగా పండింది కాబట్టి ఇవ్వగలిగాడు. సమస్యలోని నొప్పిని మీరు తాకకుండా పక్కనుంచి వెళ్ళారు.

పార్వతీపురం తమ్ముడు:
మొదటిసారి రాస్తున్నాను. తప్పులుంటే దిద్దండి.

నష్టపడిన యోబు నమ్మకమ్మునుఁ జూచి
రెండు రెట్ల కలిమి నిండ నిచ్చె
పోవుటనుట మరల పొందుట కొరకంచు
పంట పోయినపుడె పండుగాయె

నాగావళి:
రెండో పాదంలో “రెండు–నిండ” ప్రాసయతి (యతికి బదులు రెండో అక్షరాలు కలవడం) చక్కగా పడింది తమ్ముడూ. కాని ఇచ్చినవాడు ఎవరు? పద్యంలో కర్త లేడు.

నిర్వాహకుడు:
తమ్ముడూ, మొదటి పద్యానికే గణాలన్నీ సరిపోయాయి, ఆటవెలది నీ చేతికి పట్టుబడింది. కర్త లోపాన్ని నువ్వే దిద్దుకోగలవు. నేను పట్టుబట్టేది భావం దగ్గర.

యోబు గ్రంథంలో, ఆస్తీ పిల్లలూ పోగొట్టుకున్న యోబు స్తుతించింది ఎప్పుడో చూడు. రెండు రెట్లు వచ్చింది 42వ అధ్యాయంలో. “యెహోవా ఇచ్చెను యెహోవా తీసికొనిపోయెను, యెహోవా నామమునకు స్తుతి కలుగునుగాక” అన్నది మొదటి అధ్యాయంలో, పిల్లలు పోయిన కబురు విన్న రోజున, బట్టలు చింపుకుని నేల మీద పడి. అప్పటికి అతనికి ఎవరూ ఏ మాటా ఇవ్వలేదు. మూడో అధ్యాయానికే తాను పుట్టిన రోజును శపించుకున్నాడు. స్తుతించిన నోరూ శపించిన నోరూ ఒకటే, దేవుడు ఆ మనిషిని తోసేయలేదు.

ఇంకొకటి. గొర్రెలు ఏడు వేలు పోతే పద్నాలుగు వేలు వచ్చాయి. పిల్లలు మాత్రం ముందు పదిమంది, తర్వాతా పదిమందే. పోయినవాళ్ళు పోయినవాళ్ళే. “పోవుటనుట మరల పొందుట కొరకు” అని ఆ తల్లి ముందు చదవగలమా? ఈ మధ్య మన కూడికల్లో ఈ లెక్క ఎక్కువగా వినిపిస్తోంది: కానుక వెయ్యి, రెట్టింపు వస్తుంది, సాక్ష్యం చెప్పు, ఇంకా వస్తుంది. అది వ్యాపారం. కృతజ్ఞతకు ఎదురు చూపు ఉండదు. “యెహోవా నాకు చేసిన ఉపకారములన్నిటికి నేనాయనకు ఏమి చెల్లించుదును?” అని 116వ కీర్తన అడుగుతుంది. మొక్కుబళ్ళు చెల్లిస్తానని కీర్తనకారుడు తర్వాత అంటాడు, కాని మొదటి జవాబుగా రక్షణపాత్రను చేతపుచ్చుకుంటానంటాడు. తీరని బాకీ ముందు ఇంకా చెయ్యి చాపడమే అతనికి ముందుగా తోచిన చెల్లింపు.

పార్వతీపురం తమ్ముడు:
అర్థమయింది అయ్యగారూ. పిల్లల లెక్క నేనెప్పుడూ చూడలేదు. మళ్ళీ రాస్తాను.

జీడితోట (ఉద్దానం):
మాస్టారూ, నాకు పెద్ద ఛందస్సు రాదు, మా చిన్నాన్న నేర్పిన ఆటవెలది ఒక్కటే వచ్చు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను మా మీంచి పోయింది. ఏటి సెప్పమంటారు, తెల్లారి చూస్తే కొబ్బరి మొవ్వులు విరిగి, జీడిచెట్లు వేళ్ళతో లేచిపోయి ఉన్నాయి. వరి అయితే మరుసటేడు మళ్ళీ ఊడుస్తాం. కొబ్బరీ జీడీ అలా కావు, పెట్టిన మొక్క కాపుకి రావాలంటే ఏళ్ళు పడతాయి. మా గుడి రేకులు ఎక్కడో పొలాల్లో దొరికాయి. ఆ ఆదివారం కప్పు లేకుండానే కూడుకున్నాం.

జీడి తోట కూలెఁ జెట్టు చెట్టున కేడ్చి
కప్పు లేని గుడినిఁ గలిసినాము
ప్రాణమిచ్చి కాచె ప్రభువని పాడంగ
పంట పోయినపుడె పండుగాయె

బొబ్బిలి వీణ:
ఈ పద్యం చదివాక చాలాసేపు వేరే పని చేయలేకపోయాను. “చెట్టు చెట్టున కేడ్చి” అన్నది తోట పెంచినవాడే రాయగలడు. జీడిచెట్టుకి ఇంటి మనిషికిచ్చే వరస ఇచ్చారు.

పాలకొండ చిన్నమ్మ:
బాబూ, పద్యం నా గుండెకి తగిలింది. అందుకే అడగాలనిపిస్తోంది. ఆ తుపానులో శ్రీకాకుళం జిల్లాలో ప్రాణాలు పోయిన ఇళ్ళూ ఉన్నాయి. ఆ ఇంటివాళ్ళు మీ గుడిలో వెనక బల్ల మీద కూర్చుని “మమ్మల్ని కాచాడు” అన్న పాట వింటే ఏమనుకుంటారు? మా ఇంటాయన జబ్బు నుంచి లేచినప్పుడు కృతజ్ఞతా కూడిక పెట్టాం. అదే వార్డులో పక్క మంచం ఆయన లేవలేదు. వాళ్ళావిడ కూడికకి వచ్చి చివరి వరకూ కూర్చుంది. ఆవిడ ముందు ఏ మాటలతో స్తుతించాలో నాకు తెలియలేదు. యేసు చెప్పిన కథలో, తన భక్తికి తానే మురిసిపోయే పరిసయ్యుడు కూడా దేవాలయంలో “కృతజ్ఞతాస్తుతులు” అనే మొదలుపెట్టాడు కదా, నేను ఇతరుల్లాంటి వాణ్ణి కాను అంటూ. పక్కవాడితో పోల్చుకుని చెప్పే స్తుతి అటు జారిపోతుందేమోనని నా భయం.

జీడితోట:
అమ్మా, అలాంటి ఇల్లు మా ఊళ్ళోనే ఉంది. మీరన్నాక మూడో పాదం నా నోట రావట్లేదు. ఆ రోజు నిజంగా జరిగింది చెప్తాను. పాట మేం ఎత్తుకోలేదు. ఆ ఇంటి పెద్దావిడే ఎత్తుకుంది. మేమంతా వెనకాల అందుకున్నాం. గుడికి ఎప్పుడూ రాని వీధివాళ్ళు కూడా గోడవారన నిలబడ్డారు, ఎవరింట్లో ఉన్న బియ్యం వాళ్ళు తెచ్చి ఒకే గుండిగలో వండుకున్నాం. ఇలా మార్చాను.

జీడి తోట కూలెఁ జెట్టు చెట్టున కేడ్చి
కప్పు లేని గుడినిఁ గలిసినాము
ఏడ్చువారితోడ నేడ్చుచుఁ బాడంగ
పంట పోయినపుడె పండుగాయె

నిర్వాహకుడు:
ఏడుపు మూడుసార్లు వచ్చింది, అయినా పునరుక్తి అనబోను. మొదటి ఏడుపు చెట్టు కోసం, తర్వాతివి మనుషుల కోసం. “ఏడ్చువారితో ఏడువుడి” అన్న రోమా పత్రిక మాట ఎక్కడా అతుకు కనపడకుండా పాదంలో కూర్చుంది. “ప్రతి విషయమునందును కృతజ్ఞతాస్తుతులు చెల్లించుడి” అని పౌలు థెస్సలొనీకయులకు రాసినప్పుడు తుపానుకు దండం పెట్టమనలేదు. చెట్టు కూలడం మంచిదని ఒప్పుకోమనలేదు. కూలిన తోట మధ్య కూడా దేవుడితో మాట తెగనివ్వకండి అన్నాడు. పోయినవాళ్ళ ఇంటికి వెళ్ళి “అంతా మన మంచికే, స్తోత్రం చెప్పండి” అనేవాళ్ళు ఈ పద్యం చదవాలి. పాట ఎత్తుకునే హక్కు ఆ పెద్దావిడదే. మనం అందుకోవాలి, అంతే.

గంటస్తంభం (విజయనగరం):
నేను చర్చికి వెళ్ళేవాణ్ణి కాను, పద్యాల కోసం వస్తుంటాను. ఒక సందేహం, ఆ తర్వాత ఒక పూరణ. మేమూ సంక్రాంతికి కొత్తబియ్యం దేవుడికి పెట్టాకే తింటాం, కనుమనాడు పశువుకి దండం పెడతాం. చేసిన మేలు మరవకపోవడం అందరిదీ కదా. మీరు “క్రైస్తవ కృతజ్ఞత” అని ప్రత్యేకంగా అనడంలో ఏముంది? బైబిల్లో హబక్కూకు ప్రవచనం (చెట్లు పూయకపోయినా, సాలలో పశువులు లేకపోయినా దేవుడిలో ఆనందిస్తానన్న మాట) చదివి రాసింది ఇది.

పూయకున్న నేమి మేయు మందలు లేక
సాల బోసిపోయి చల్లఁబడిన
నమ్మినట్టి వాఁడు నాతోడ నుండంగ
పంట పోయినపుడె పండుగాయె

నాగావళి:
ధార అంటే ఇదీ! “పూయ–మేయు” ప్రాసయతి, రెండో పాదంలో “సా–చ” మైత్రి. “సాల చల్లఁబడిన” అన్నచోట పశువుల ఊపిరి లేని కొట్టం కళ్ళకు కట్టింది.

నిర్వాహకుడు:
పద్యం నడకలో ఈ వారానికి ఇదే మొదటిది. ఒక్క మెలిక మిగిలిపోయింది. హబక్కూకు “లేకపోయినను” ఆనందించెదను అన్నాడు. సమస్యలో ఉన్నది “పోయినపుడె”. పంట ఉన్నప్పుడు కాని పండుగ, పోయినప్పుడే ఎందుకయింది? ఆ ఏవకారానికి (“అప్పుడే” అని నొక్కి చెప్పే “ఎ”కి) మీ పద్యంలో సమాధానం లేదు. మీ సందేహానికి మాత్రం చిన్నమ్మ చెబితేనే బాగుంటుంది.

పాలకొండ చిన్నమ్మ:
బాబూ, మేలు మరవకపోవడం అందరిదీ అన్నది నిజమే. నాకు తెలిసింది చెప్తాను. మాకు నెల మొదటి ఆదివారం ప్రభువు బల్ల (యేసు చివరి భోజనాన్ని తలచుకుంటూ రొట్టె పంచుకునే ఆరాధన) ఉంటుంది. అయ్యగారు రొట్టె పట్టుకుని కొరింథీ పత్రిక చదువుతారు: ప్రభువైన యేసు “తాను అప్పగింపబడిన రాత్రి” రొట్టెను ఎత్తికొని కృతజ్ఞతాస్తుతులు చెల్లించి దాన్ని విరిచాడు అని. ఏ రాత్రి? పక్కన కూర్చుని తిన్నవాడే పట్టిచ్చే రాత్రి. తెల్లవారితే సిలువ. ఆయనకు అన్నీ తెలుసు, తెలిసే స్తుతి చెల్లించాడు. విరిగిపోయేది తన శరీరమేనని చెప్పి మరీ చేతికిచ్చాడు. మేం స్తుతించడం అక్కడ నేర్చుకుంటాం. పంట వచ్చిన కళ్ళంలో కూడా స్తుతిస్తాం. కాని మా స్తుతి పుట్టిన చోటు ఆ రాత్రి. అందుకే నష్టం వచ్చినప్పుడు అది మాకు కొత్త చోటు కాదు, ప్రభువు ముందే కూర్చుని వెళ్ళిన చోటు.

పిడికెడు బియ్యం తీసిపెట్టే అలవాటు మా అత్తగారి నుంచి వచ్చింది. పూటకో పిడికెడు, ఆదివారం సంచిలో గుడికి. ఇంట్లో బియ్యం నిండుకున్న రోజుల్లో కూడా ఆవిడ ఆ పిడికెడు తీసేది. అప్పట్లో నాకు కోపం వచ్చేది. ఆవిడ మాటగా రాశాను.

ఉన్ననాళ్ళు గాదె నూరక లెక్కించి
యిచ్చువానిఁ జూడ నెఱుఁగనైతి
వట్టి గాదెలోన వానిఁ గాంచితి నేను
పంట పోయినపుడె పండుగాయె

బొబ్బిలి వీణ:
“పోయినపుడె” తీరింది! ఉన్నన్నాళ్ళూ చూపు గాదె మీదే ఆగిపోయింది. ఖాళీ అయ్యాకే చూపుకి అడ్డు లేకపోయింది.

గంటస్తంభం:
అమ్మా, నమస్కారం. నా సందేహం తీరింది. “లెక్కించి యిచ్చు” అని యడాగమం చేసి రాయడం చూసి ఇంకా సంతోషం కలిగింది, క్త్వార్థకానికి (“లెక్కించి” వంటి మాటకు) సంధి లేదని గుర్తుంచుకునేవాళ్ళు తగ్గిపోయారు.

జీడితోట:
అమ్మా, ఈ పద్యం మా గుడిలో చదువుతాను. ఆ పెద్దావిడకి ముందు వినిపిస్తాను.

నిర్వాహకుడు:
ఈ వారం మొదటి స్థానం పాలకొండ చిన్నమ్మ పద్యానికి. సమస్యను ఏవకారంతో సహా తీర్చిన పూరణ ఇదొక్కటే. సవరించిన జీడితోట పద్యం దీనికి పక్కనే ఉంటుంది, పైన కాదు, కింద కాదు. పార్వతీపురం తమ్ముడి రెండో ప్రయత్నం ఎప్పుడు వచ్చినా ఈ వరుసలోనే చేరుస్తాను.

వచ్చే వారం సమస్య, ఇదీ ఆటవెలది నాలుగో పాదమే:

పదుగురందు నొకఁడె బాగుపడెను

లూకా సువార్త 17వ అధ్యాయం ముందు చదవండి. పదిమంది కుష్ఠరోగులూ దారిలోనే శుద్ధులయ్యారని సువార్తే చెబుతోంది, తిరిగి వచ్చి ప్రభువు పాదాల దగ్గర సాగిలపడినవాడు, యూదులు పరాయివాడిగా చూసే సమరయుడొక్కడు. మరి సమస్య అలా ఎందుకంటోందో మీరు చెప్పాలి. యతి “ప–బా”. శనివారం రాత్రిలోగా పంపండి.