గుదిబండలో ‘బండ’ రాయి కాదు

నిన్న ఇక్కడ ఒక సోదరి అడిగారు: “మెడకు గుదిబండ తగులుకుంది అంటాం కదా, అంత రాయిని మెడకు ఎలా కట్టేవాళ్ళు? అదేమైనా శిక్షా?” జవాబు రెండు ముక్కల్లో రాద్దామని కూర్చుంటే మా ఆవు గౌరి గుర్తుకొచ్చింది. అందుకే కాస్త పొడుగైంది, ఓపిగ్గా చదవండి.

మాది ఒంగోలుకు దక్షిణంగా ఒక పల్లె. గుదిబండను చిన్నప్పుడు నా చేత్తో ముట్టుకున్నాను. అది రాయి కాదు, కొయ్య. మూరెడు పొడుగు తుమ్మ మొద్దు. నడుమ చుట్టూ గంటు చెక్కి, ఆ గంటులో తాడు బిగించి, తాడును గొడ్డు మెడలో వేసేవాళ్ళు. గుది అంటేనే మెడకు వేలాడదీసే ఆ కొయ్య. గుదికొయ్య, గుదికర్ర అని కూడా అంటారు. ఇక బండ అంటే ఇక్కడ లావుపాటిది, మొరటుది అని. బండచాకిరీలో, బండబూతుల్లో రాయి ఉందా? ఇదీ అంతే.

గౌరి అచ్చమైన ఒంగోలు ఆవు. తెల్లటి ఒళ్ళు, మెడ కింద మడతలు మడతలుగా గంగడోలు. (ఈ జాతినే బ్రెజిల్‌లో ‘నెలోర్’ అంటారు, మన నెల్లూరు పేరు మీదే. 1904లో గుంటూరు జిల్లా ఏర్పడేదాకా ఒంగోలు నెల్లూరు జిల్లాలోనే ఉండేది.) తొలిచూలు ఈనిన దగ్గర్నుంచి దాని కోపం అంతా ఇంతా కాదు. తల దించి, ముంగాలితో నేల గీరి, ఒక్క బుస కొట్టిందంటే ఎవరికి వాళ్ళు గోడెక్కాల్సిందే. ఒకరోజు మా బాబాయిని గడ్డివాముకేసి అదిమిపెట్టింది. కొమ్ము తగల్లేదు గానీ, ఆ సాయంత్రమే సంతకు తోలేద్దామని ఇంట్లో పంచాయితీ నడిచింది.

ఒప్పుకోనిది మా నాయనమ్మ ఒక్కతే. పాలు పితికేది ఆమే. దూడను వదిలి, నాలుగు గుక్కలు తాగనిచ్చి, పక్కకు కట్టేసి కూర్చునేది. దూడ మూతి తగిలితే గాని ఆవు చేపదు. ఈ ‘చేపు’ మాట ఊళ్ళలో తప్ప వినపడటం లేదు. పొదుగులోకి పాలు దిగడం చేపడం. దిగినట్టే దిగి పైకి బిగబట్టేస్తే ఎగచేపడం. గౌరి ఎగచేపడంలో దిట్ట. కొత్తమనిషి గొంతు వినపడినా, ఎవరైనా కర్ర ఎత్తినా ఒక్క చుక్క రాదు. బెదిరిన ఆవు ఒంట్లో అడ్రినలిన్ పెరిగి, పాలు దించే ఆక్సిటోసిన్ పనిని అడ్డుకుంటుందని తర్వాత చదువుకున్నాను. నాయనమ్మకు ఆ పేర్లు తెలియవు. “దాని దగ్గర అరవబాకండ్రా, ఎగచేపుద్ది” అనేది, అంతే.

పితికేటప్పుడు తన్నడమూ ఉండేది. వెనక కాళ్ళకు బందం వేయమన్నారు అందరూ. నాయనమ్మ బందం వేసే ముందు పొదుగు కింద దీపం పెట్టి చూసింది. రెండు చన్నులకు సన్నటి పగుళ్ళు. వారం రోజులు పూటపూటా వేడినీళ్ళతో కడిగి వెన్న రాసింది. తన్నడం ఆగిపోయింది. నిన్నటి ప్రశ్న కిందే ఒకాయన “పాలిచ్చే ఆవు తన్నినా పడాలి” అన్న సామెతను బానిస సామెత అన్నారు. నాయనమ్మ అయితే అలా పడి ఊరుకోలేదు, ఎందుకు తన్నుతుందో వెతికింది. ఆ సామెతను నేను తలుచుకునేది ఆ దీపం వెలుగులోనే.

తన్నడం పోయింది గానీ పరుగు పోలేదు. మేతకు వదిలితే మనిషి కనపడగానే మీదికి ఉరికేది, లేదంటే కట్ట దాటి పక్కవాళ్ళ పొగాకు చేలో పడేది. పొగాకు తినదు, తొక్కి పాడుచేస్తుంది. రెండుసార్లు బందెలదొడ్డికి (పరుల చేలో పడ్డ గొడ్లను పట్టి కట్టేసే దొడ్డి) వెళ్ళి విడిపించుకొచ్చాం. అప్పుడు మా తాత చెక్కాడు గుదిబండ. అడ్డంగా వేలాడే ఆ మొద్దు సరిగ్గా ముందు మోకాళ్ళ దగ్గరికి వచ్చేలా తాడు కొలత చూసుకున్నాడు.

అసలు సంగతి అక్కడుంది. ఆవు తల వంచి మేస్తుంటే మొద్దు నేలమీద ఆనుకుంటుంది, మెడకు బరువు తెలియదు. నిదానంగా నడిస్తే ఊగుతుంది, టకటకమని చిన్న చప్పుడు. పరుగెత్తితేనే మోకాళ్ళకు కొడుతుంది. మొదటిరోజు గౌరి పది బారలు పరుగెత్తి ఆగిపోయింది. తల తిప్పి ఆ మొద్దును వాసన చూసింది. మళ్ళీ ఉరకబోయి మళ్ళీ ఆగింది. అది లేకుంటే గౌరి రోజంతా పలుపుతాడుతో గుంజకు కట్టేసి ఉండేది. గుదిబండ పుణ్యాన పగలంతా బీట్లో తిరిగింది. సోదరి అడిగిన ‘శిక్షా?’ అన్నదానికి ఇదే నా జవాబు. మోకాలికి దెబ్బ తగిలే మాట నిజమే. కానీ కట్టుగొయ్య నుంచి విడిపించడానికే దాన్ని వేసేది.

ఇప్పుడు పేపర్లలో అప్పులు గుదిబండ, నష్టాల్లో ఉన్న కంపెనీ గుదిబండ. ముందుకు ఉరకనివ్వనిది అనే అర్థంలో వాడితే చక్కగా ఉంటుంది, మాట పుట్టుకకు దగ్గరగా ఉంటుంది. మోయలేని బరువు ఏదైనా సరే గుదిబండ అనేస్తే మాత్రం మాటలో సగం పోతుంది. ఇక “ముసలోళ్ళు గుదిబండలయ్యారు” అని రాసినప్పుడు నాకు నిజంగా బాధేస్తుంది. బరువు అనుకునే అలా రాస్తారు.

రెండో ఈతకు గౌరి నెమ్మదించింది. తాత తాడు విప్పేశాడు. చిత్రం, వారం పదిరోజులు అది అలాగే, మోకాళ్ళు కాచుకుంటూ నిదానంగా నడిచింది.

మార్కాపురం, కనిగిరి, ఉదయగిరి వైపు వాళ్ళెవరైనా ఉంటే చెప్పండి, మీ ఊళ్ళో దీన్ని ఏమనేవాళ్ళు? మొద్దును అడ్డంగా వేలాడదీసేవాళ్ళా, నిలువునా? తాడు కట్టే ఆ గంటుకు మా తాత ఒక పేరు చెప్పేవాడు, ఎంత తలుచుకున్నా గుర్తు రావడం లేదు. ఎవరికైనా తెలిస్తే రాయండి.