ఇన్-ఎన్-అవుట్ బర్గర్ కోసం ఆగొచ్చా? థాంక్స్‌గివింగ్‌కి లాస్ ఏంజెలెస్ వస్తున్న తమ్ముడికి

ప్రశ్న (డేటన్, ఒహాయో నుంచి)

అందరికీ నమస్కారం. ఈ ఆగస్టులోనే ఎంఎస్‌కి వచ్చాను. థాంక్స్‌గివింగ్ సెలవులకి నలుగురం కలిసి లాస్ ఏంజెలెస్‌లో దిగి, కారు అద్దెకు తీసుకుని వేగస్, గ్రాండ్ కాన్యన్ చూసి మళ్లీ లాస్ ఏంజెలెస్ నుంచే వెనక్కి రావాలని టికెట్లు కొనుక్కున్నాం. క్లాసులో అమెరికన్ ఫ్రెండ్స్ అందరూ "ఇన్-ఎన్-అవుట్ తినకుండా రావద్దు" అంటున్నారు. నిజంగా అంత బాగుంటుందా? మాలో ఇద్దరం బీఫ్ తింటాం, ఒకడు చికెన్ దాటడు, ఒకమ్మాయి పూర్తి శాకాహారి. దానికోసం దారి మళ్లించుకుని వెళ్లొచ్చా?

జవాబు (ఇర్వైన్, కాలిఫోర్నియా నుంచి)

తమ్ముడూ, దారిలో తగిలితే తప్పకుండా ఆగండి. దారి మళ్లించుకోవాల్సిన అవసరం మీకు రాదు. మీరు దిగే ఎయిర్‌పోర్టు పక్కన సెపుల్వెడా రోడ్డు మీద ఒకటుంది, వేగస్ వెళ్లే ఐ-15 హైవే మీద బార్‌స్టోలో ఉంది, వేగస్‌లో ఉంది, గ్రాండ్ కాన్యన్ నుంచి తిరిగొచ్చేటప్పుడు కింగ్‌మన్‌లో ఉంది. ఒక పూట భోజనం ఎలాగూ బయట చెయ్యాలి కదా, ఆ పూట ఇక్కడ చెయ్యండి.

అన్నిటికంటే ముఖ్యమైన విషయం ముందు చెప్తా. అక్కడ మాంసం అంటే బీఫ్ ఒక్కటే. బోర్డు మీద హ్యామ్‌బర్గర్ అని రాసినా, చీజ్‌బర్గర్ అని రాసినా లోపల ఉండేది అదే. చికెన్ లేదు, చేప లేదు. మన ఊళ్లలో పెద్దకూర తినే ఇళ్లున్నాయి, పేరు కూడా ఎత్తని ఇళ్లున్నాయి. ఇక్కడికొచ్చాక ఎవరు ఏం తినాలన్నది వాళ్ల ఇష్టం. "అమెరికా వచ్చి కూడా తినవా?" అని మీ చికెన్ ఫ్రెండ్‌ని ఎవరూ బలవంతం చెయ్యొద్దు. ఈ మాట గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే, కొత్తగా వచ్చిన పిల్లలు పక్కవాళ్ల మాట కాదనలేక తినేసి, ఆ తర్వాత ట్రిప్పంతా మనసు పాడుచేసుకోవడం నేను చూశాను. నేను తింటాను, మా ఆవిడ తినదు. ఇన్నేళ్లుగా ఇద్దరం ఒకే టేబుల్ దగ్గర కూర్చుంటున్నాం, ఎవరి ట్రే వాళ్లది.

ఇక రుచి సంగతి. దీన్ని హ్యారీ, ఎస్తర్ స్నైడర్ అనే భార్యాభర్తలు 1948లో ఇక్కడికి దగ్గర్లోని బాల్డ్‌విన్ పార్కులో మొదలుపెట్టారు. ఇప్పటికీ ఆ కుటుంబం చేతుల్లోనే ఉంది. ఫ్రాంచైజీలు ఇవ్వరు. మాంసం సొంత ప్లాంట్లలో సిద్ధం చేసుకుని, ఫ్రీజ్ చేయకుండా షాపులకి పంపిస్తారు. షాపుల్లో ఫ్రీజర్లు, మైక్రోవేవులు ఉండవు. అందుకే వాళ్ల ప్లాంట్ల నుంచి ఒక రోజు ప్రయాణం దాటిన చోట షాపు తెరవరు. 75 ఏళ్లు దాటినా దేశమంతా లేకపోవడానికి కారణం ఇదే. 2011లో డాలస్ దగ్గర తెరిచినప్పుడు కూడా ముందు అక్కడ ప్లాంటు పెట్టుకున్నారు.

ఆ తేడా నోట్లో తెలుస్తుందా అంటే, తెలుస్తుంది. పాటీ, అంటే లోపల పెట్టే మాంసపు బిళ్ల, పల్చగా ఉంటుంది, అంచులు పెనం మీద కరకరలాడేలా కాలతాయి. లెట్యూస్ ఆకు చల్లగా, పెళుసుగా ఉంటుంది. టమాటా ముక్క మందంగా కోస్తారు. బన్ను లోపలివైపు కాల్చి ఉంటుంది కాబట్టి సాసు పీల్చుకుని ముద్దయిపోదు. అంతే, ఇంకే హంగూ లేదు. ఊరినిబట్టి కాస్త మారినా డబుల్-డబుల్, అంటే రెండు పాటీలు, రెండు చీజ్ ముక్కలు ఉన్నది, 6 డాలర్లకి అటూ ఇటూగా వస్తుంది. టిప్పు ఇవ్వక్కర్లేదు. ఆ డబ్బుకి ఇంత తాజాగా దొరికే బర్గర్ ఈ దేశంలో అరుదు. నీ ఫ్రెండ్స్ పొగుడుతున్నది అందుకే. 20 డాలర్లు పెట్టి రెస్టారెంట్లో కూర్చుని తినే బర్గర్ దీనికంటే గొప్పగా ఉండొచ్చు, దాంతో పోల్చుకుని వెళ్లకండి.

మన నాలుకకి ఒక ఇబ్బంది ఉంది. వాళ్ల స్ప్రెడ్, అంటే బన్నుకి రాసే సాసు, కొంచెం తియ్యగా ఉంటుంది, కారం అన్నదే ఉండదు. దానికి మందు అక్కడే ఉంది, కాకపోతే బోర్డు మీద రాయరు. "చాప్డ్ చిల్లీస్" వెయ్యమని అడుగు. పసుపుపచ్చ చిన్న మిరపకాయల్ని వెనిగర్‌లో ఊరబెట్టి ఉంచుతారు, సన్నగా తరిగి బర్గర్ లోపల వేస్తారు. మన ఇళ్లలో నిమ్మరసంలో ఊరేసిన పచ్చిమిరపకాయ కొరికినట్టు, ముందు ఉప్పూ పులుపూ తగిలి, వెనక కారం ఎక్కుతుంది. విడిగా కావాలన్నా ఇస్తారు. దీనికి డబ్బులు తీసుకోరు. నా మాట విని మొదటిసారే "డబుల్-డబుల్, యానిమల్ స్టైల్, చాప్డ్ చిల్లీస్" అని చెప్పు. యానిమల్ స్టైల్ అంటే పాటీకి ఆవాల సాసు రాసి కాలుస్తారు, పికిల్ ముక్కలు, వేయించిన ఉల్లిపాయలు, ఎక్కువ స్ప్రెడ్ వేస్తారు. ఆ ఉల్లిపాయలు బెల్లం రంగు వచ్చేదాకా వేగి ఉంటాయి, అసలు రుచంతా వాటిలోనే ఉంది.

ఫ్రైస్ విషయంలో ఇక్కడివాళ్లలోనే రెండు వర్గాలున్నాయి. మిగతా చాలాచోట్ల బంగాళాదుంపని ఫ్యాక్టరీలో ఒకసారి వేయించి, గడ్డకట్టించి, షాపులో రెండోసారి వేయిస్తారు. అందుకే అవి చాలాసేపు కరకరలాడతాయి. ఇక్కడ షాపులోనే దుంప కోసి, ఒక్కసారే వేయిస్తారు. దుంప రుచి బాగా తెలుస్తుంది గానీ, కాసేపటికే మెత్తబడతాయి. "వెల్ డన్" అని అడిగితే ఇంకాసేపు వేయించి ఇస్తారు. కార్లో పెట్టుకుని గంట తర్వాత తినే ఆలోచన మాత్రం మానుకోండి.

డ్రైవ్-త్రూ లైను చూసి కంగారుపడొద్దు. ఒక్కోసారి రోడ్డు మీదకి వచ్చేస్తుంది. టాబ్లెట్ పట్టుకున్న కుర్రాడు మీ కారు దగ్గరికే వచ్చి ఆర్డర్ తీసుకుంటాడు. ఉల్లిపాయలు కావాలా, కార్లోనే తింటారా అని అడుగుతాడు. కార్లోనే అంటే అట్టపెట్టెలో సర్ది, ఒళ్లో పరుచుకోవడానికి కాగితం కూడా ఇస్తాడు. ఎయిర్‌పోర్టు దగ్గరున్న షాపులో మాత్రం లోపలికి వెళ్లి తీసుకుని బయట కూర్చోండి. ఉత్తరం వైపు రన్‌వేకి దిగే విమానాలు తల మీంచే వెళ్తాయి, చక్రాలు కూడా స్పష్టంగా కనిపిస్తాయి. వాటిని చూడ్డానికే కెమెరాలు పట్టుకుని వచ్చేవాళ్లుంటారు.

ఇంకో మాట, ఇది బర్గర్ గురించి కాదు. మీరు సామాన్లన్నీ కార్లో పెట్టుకుని తిరుగుతారు. బ్యాగు సీటు మీద కనబడేలా వదిలేసి తినడానికి దిగొద్దు. ఓక్లండ్ ఎయిర్‌పోర్టు దగ్గరున్న ఇన్-ఎన్-అవుట్‌నే కార్ల అద్దాలు పగలగొట్టే దొంగల బాధ పడలేక 2024 మార్చిలో మూసేశారు, బాగా నడుస్తున్న షాపుని. పాస్‌పోర్టు, యూనివర్సిటీ ఇచ్చిన ఐ-20 పత్రం మీ ఒంటి మీద ఉండే సంచిలోనే ఉండాలి. బట్టలు పోతే కొనుక్కోవచ్చు, ఆ కాగితాలు పోతే ఒక సెమిస్టరు మనశ్శాంతి పోతుంది.

జవాబు (సన్నీవేల్, కాలిఫోర్నియా నుంచి)

తమ్ముడూ, మీ శాకాహారి ఫ్రెండ్ కోసం నేను రాస్తున్నాను. నేను పుట్టి బుద్ధెరిగాక మాంసం ముట్టలేదు, మా పిల్లలు మాత్రం ఇన్-ఎన్-అవుట్ అంటే ప్రాణం పెడతారు. కాబట్టి అక్కడ ఏం తినొచ్చో, ఏం తినకూడదో నాకు బాగా తెలుసు.

ఆ అమ్మాయికి గ్రిల్డ్ చీజ్ చెప్పండి. బన్ను మధ్య రెండు కరిగిన చీజ్ ముక్కలు, లెట్యూస్, టమాటా, స్ప్రెడ్. గుడ్డు తినకపోతే స్ప్రెడ్ వద్దని స్పష్టంగా చెప్పాలి, అందులో గుడ్డు ఉంటుంది. బదులుగా కెచప్, ఆవాల సాసు అడగొచ్చు. ఉల్లిపాయ పచ్చిదే అడగండి. వేయించిన ఉల్లిపాయలు మాంసం కాల్చే పెనం మీదే వేగుతాయి. యానిమల్ స్టైల్ ఫ్రైస్ అయితే ఆ ఉల్లిపాయలూ, ఆ స్ప్రెడ్డూ రెండూ పడతాయి కాబట్టి అవి వద్దు. చాప్డ్ చిల్లీస్ మాత్రం పైన అన్నయ్య చెప్పినట్టు తప్పకుండా వేయించుకోమనండి, అవి లేకపోతే గ్రిల్డ్ చీజ్ చప్పగా ఉంటుంది.

మామూలు ఫ్రైస్ నిశ్చింతగా తినొచ్చు. దుంపలు, సన్‌ఫ్లవర్ నూనె, ఉప్పు, అంతే. అక్కడ వేయించే వస్తువు ఇంకేదీ లేదు కాబట్టి ఆ నూనెలో చికెన్ ముక్కలు పడ్డాయేమో అన్న అనుమానం కూడా అక్కర్లేదు.

ఈ దేశంలో ఫ్రైస్ గురించి నేను ఇంతగా పట్టించుకోవడానికి కారణం ఉంది. మెక్‌డొనాల్డ్స్ 1990లో వెజిటబుల్ నూనెకి మారామని ప్రకటించింది. కానీ ఫ్రైస్‌లో బీఫ్ ఫ్లేవర్ వేస్తూనే ఉంది. 2001లో సియాటిల్‌లో మన హిందువులు, శాకాహారులు కేసు వేస్తే, క్షమాపణ చెప్పి 2002లో కోటి డాలర్లకి రాజీపడింది. ఇండియాలో అమ్మేవి వేరు. ఇక్కడ అమ్మేవాటి పదార్థాల జాబితాలో బీఫ్ ఫ్లేవర్ అని ఇవాళ్టికీ రాసి ఉంటుంది. స్టేక్ ఎన్ షేక్ అనే బర్గర్ షాపుల సంస్థ అయితే 2025 నుంచి ఫ్రైస్‌ని బీఫ్ కొవ్వులోనే వేయిస్తోంది, దాన్ని గర్వంగా చెప్పుకుంటోంది. అది మీ ఒహాయో వైపు కూడా ఉంటుంది, ఆ అమ్మాయికి ముందే చెప్పి ఉంచండి. "ఫ్రైసే కదా" అని ఎక్కడా కళ్లు మూసుకుని తినొద్దు. ఏ నూనె అని కౌంటర్లో అడగడానికి మొహమాటపడొద్దు, ఇక్కడ ఎవరూ తప్పుగా అనుకోరు.

నిజాయితీగా చెప్పాలంటే, శాకాహారికి ఇన్-ఎన్-అవుట్ కడుపు నింపుతుంది గానీ గుర్తుండిపోయే తిండి కాదు. బర్గరే తినాలని ఉంటే వేగస్‌లో షేక్ షాక్‌కి తీసుకెళ్లండి. అక్కడ పుట్టగొడుగు లోపల చీజ్ కూరి వేయించే ష్రూమ్ బర్గర్ ఉంటుంది, అది బాగుంటుంది. మాంసంతో కలిపి వేయిస్తారా అని మాత్రం అడిగి తీసుకోండి.

జవాబు (ఫ్రిస్కో, టెక్సస్ నుంచి)

మా ఊళ్లో ఇన్-ఎన్-అవుట్ ఉంది, మా టెక్సస్ బర్గర్ షాపు వాటాబర్గర్ కూడా ఉంది. రెండూ తినేవాడిగా చెప్తున్నా. వాటాబర్గర్ 1950లో కార్పస్ క్రిస్టిలో మొదలైంది. బన్ను అయిదంగుళాల వెడల్పు, రెండు చేతులతో పట్టుకోవాలి. మా దగ్గర చాలాచోట్ల రాత్రంతా తెరిచే ఉంటుంది, అర్ధరాత్రి డ్యూటీ దిగి వచ్చేవాళ్లకి అదే దిక్కు. బర్గర్ ఒక్కదాన్నే చూస్తే నా ఓటు ఇన్-ఎన్-అవుట్‌కే. మీ చికెన్ ఫ్రెండ్‌కి మాత్రం వాటాబర్గర్ నయం. చికెన్ బర్గర్లు ఉన్నాయి, హలపీన్యో మిరపకాయలు వేయించుకోవచ్చు, కారం కెచప్ ఉంటుంది. కాలిఫోర్నియాలో లేదు గానీ ఇప్పుడు వేగస్‌లో పెద్ద హోటళ్లుండే స్ట్రిప్ రోడ్డు మీదే పెట్టారు. ఆ పూట అతనికి నచ్చిన చోట తినండి.

ప్రశ్న (డేటన్ నుంచి)

అందరికీ చాలా థాంక్స్. అన్నా, మా ఫ్లైటు గురువారం మధ్యాహ్నం దిగుతుంది, అంటే సరిగ్గా థాంక్స్‌గివింగ్ రోజే. దిగగానే ఎయిర్‌పోర్టు పక్కన షాపుకి వెళ్లిపోతాం. శుక్రవారం వేగస్, శనివారం గ్రాండ్ కాన్యన్, ఆదివారం రాత్రి తిరుగు ఫ్లైటు.

జవాబు (ఇర్వైన్ నుంచి)

మంచి పని చేశావు, తేదీలు చెప్పావు. థాంక్స్‌గివింగ్ రోజు ఇన్-ఎన్-అవుట్ అన్ని షాపులూ మూసేస్తారు. క్రిస్మస్, ఈస్టర్ రోజుల్లోనూ అంతే. గురువారం వెళ్తే ఖాళీ పార్కింగే కనిపిస్తుంది.

శుక్రవారం పొద్దున పదిన్నరకి తెరుస్తారు, టిఫిన్లు ఉండవు. ఆ రోజు ఉదయాన్నే బయల్దేరితే బార్‌స్టో చేరేసరికి సరిగ్గా తెరిచే వేళ అవుతుంది, అక్కడ తిని ఎడారి దాటండి. లైను తక్కువగా ఉండే టైము కూడా అదే. ఆదివారం తిరుగు ప్రయాణంలో బార్‌స్టోలో ఆగాలనుకోవద్దు. ఆ సాయంత్రం వేగస్ నుంచి వచ్చే కార్లన్నీ ఐ-15 మీదే ఉంటాయి, రోడ్డు కదలదు. కింగ్‌మన్‌లోనే తినేసి, రాత్రి ఫ్లైటుకి మూడు నాలుగు గంటలు అదనంగా ఉంచుకుని కింగ్‌మన్ షాపు తెరిచే వేళకి చేరేలా పొద్దున్నే బయల్దేరండి.

గురువారం రాత్రి భోజనానికి ఆర్టీషియా వెళ్లండి. అక్కడ పయొనీర్ బులవార్డ్ పొడవునా ఇండియన్ హోటళ్లే, ఎయిర్‌పోర్టు నుంచి దూరం కూడా కాదు. శాకాహారికి, చికెన్ తినేవాడికి, మీ ఇద్దరికీ ఒకే చోట కుదురుతుంది. పండగ రోజు కాబట్టి ఏది తెరిచి ఉందో దిగగానే ఫోన్ చేసి కనుక్కుని వెళ్లండి.