హెచ్.ఎం. నాయకత్వంపై స్టాఫ్ అభిప్రాయం: ఎవరు రాశారో తెలియకుండా తీసుకోవడమెలా?

జడ్పీ హైస్కూల్లో 14 మంది టీచర్లు. హెచ్.ఎం. నాయకత్వ తీరు మీద ఆయన అంచనానీ స్టాఫ్ అంచనానీ పక్కపక్కన పెట్టి చూడాలి. వాడాలనుకుంటున్నది బాస్, అవోలియో అనే పరిశోధకుల ఎంఎల్‌క్యూ (నాయకత్వ తీరును కొలిచే ప్రశ్నావళి): 45 అంశాలు, ఒక్కోదానికి 0 నుంచి 4 మార్కులు. నాయకుడికో ఫారం, మిగతావాళ్లకో ఫారం.

చిక్కంతా గోప్యత దగ్గరే. సబ్జెక్టు, సర్వీసు, ఆడ/మగ అని గడులు పెడితే పేరు రాయకపోయినా మనిషి దొరికిపోతారు. హిందీ పండిట్ ఒక్కరే, పీఈటీ ఒక్కరే కదా! చేత్తో రాయిస్తే దస్తూరీ పట్టిస్తుంది. ఆ భయానికి అందరూ 4 వేసేస్తే ఆ కాగితాలు ఎందుకూ కొరగావు. అందుకే ఆ గడులు తీసేసి టిక్కులే పెట్టిద్దామని, ఐదుగురికన్నా తక్కువున్న గుంపు ఫలితం విడిగా చూపొద్దని అనుకుంటున్నాం.

సగటునీ నమ్మలేం. ఏడుగురు 4, ఏడుగురు 0 వేసినా 2 వస్తుంది, అందరూ 2 వేసినా అదే వస్తుంది. మొదటిది రెండుగా చీలిన స్టాఫ్‌రూమ్. అందుకని ఏ మార్కు ఎందరు వేశారో కూడా చూపిస్తాం.

ఫారాలు ఎవరు సేకరిస్తే మంచిది, స్కూల్ కాంప్లెక్స్ (చుట్టుపక్కల బడుల గుంపు) హెచ్.ఎం.నా, బయటి బీఈడీ కాలేజీ లెక్చరరా? టిక్కులతో పాటు రాతపూర్వక వ్యాఖ్యలూ తీసుకుని, వాటిని వేరే మాటల్లో తిరగరాసి ఇస్తే అసలు విషయం పలచబడదా? చేసి చూసినవారు దయచేసి చెప్పండి.